తవిటమ్మ టేపు

రోజు 1. దక్షిణ గాలి. అల తక్కువ.

కాగితం మీద రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. తెప్పలపేటలో టేపుల ఓడ నా చేతి కింద ఉంది. నలభై ఏళ్ళ కిందట సముద్రం ఊళ్ళోకొచ్చి మరి వెనక్కి వెళ్ళనంటే, మా పెద్దవాళ్ళు పాత ఓడలు ఇరవై ఆరింటిని గొలుసులతో కలిపి కట్టి కాపురం పెట్టిన ఊరు ఇది.

ఓడ అడుగున ఒక యంత్రం ఉంది. దాని అసలు పేరుకి ఎవరికీ నోరు తిరగదు, అందుకని కరణం అంటాం. ఏ టేపులో ఏముందో జాబితా పెట్టుకుని అడగ్గానే చెప్పడం దాని పని. పోయిన వానాకాలం కప్పు కారి నీళ్ళు దాని బుర్రలోకి దిగాయి. టేపులు తొమ్మిది వందలూ పొడిగా, బాగానే ఉన్నాయి. జాబితా మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ఒక్కో టేపూ డెక్కులో, అంటే టేపు తిప్పే పెట్టెలో పెట్టి, కరణం చేత చదివించి, అందులో ఉన్నది మళ్ళీ జాబితాకెక్కించాలి. టేపుకి మూడు గంటలు, రోజుకి మూడు టేపులు. కరణానికి మతి కుదురుకునే దాకా మనిషి చేత్తో రాసి పెట్టుకోవాలని ఊరి పెద్దలు అన్నారు. ఆ మనిషిని నేను.

ముందు ఏ టేపులు చదవాలన్నది నేను తేల్చలేదు. తవిటమ్మప్ప చెవులు తేల్చాయి.

తవిటమ్మప్ప మా ఓడ వంటమనిషి. నాతో పనిచేసే గురువులు అనే ఆయన పెళ్ళాం. మా వైపు అక్కని అప్ప అంటాం, అందుకని ఆయన నాకు బావ. పుట్టుచెవుడు. నాలుగో ఏట ఒడ్డు మీద ఆస్పత్రిలో రెండు చెవుల్లోనూ యంత్రాలు పెట్టి, ఆరేళ్ళ పాటు కూర్చోబెట్టి, ఏ చప్పుడు ఎంత వినబడాలో కొలిచి సరిచేశారు. ఆ యంత్రాలకి యాభై ఏళ్ళు నిండి ఇప్పుడు ఓపిక అయిపోయింది. మా డాక్టరు ఫరీదా కొత్తవి తయారుగా ఉంచింది. కాని ఆ పాత కొలతలు లేకపోతే కొత్తవాటిలో మాటలు వినబడవట, రేకుల మీద కంకర పోసిన మోత వినబడుతుందట. పాత యంత్రం తన కొలతలు బయటికివ్వదు. మళ్ళీ మొదట్నుంచి కొలిచే మనుషులూ లేరు, సరంజామా కూడా లేదు. ఆ కొలతలు ఉంటే గింటే మా టేపుల్లోనే ఎక్కడో ఉండాలి.

"పాతవి ఇంకో ఇరవై ఐదు రోజులు పనిచేస్తాయి. ఆ పైన నేను మాటివ్వలేను," అంది డాక్టరు.

ఆస్పత్రి అని లేబులున్న టేపులు అరవై నాలుగు. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. సరిపోతుంది. సరిపోతుందని అప్పకి కూడా చెప్పాను, మామూలుగా నేను అన్నీ ముందే చెప్పేస్తాను.

రోజు 3. గాలి లేదు. ఉక్క.

తొమ్మిది టేపులు అయ్యాయి. ఆస్పత్రిలో ఎవరెవరు గొడుగులు మర్చిపోయారో పదకొండేళ్ళ లెక్క దొరికింది. క్యాంటీన్లో ఇడ్లీలు గట్టిగా ఉంటున్నాయని రాసిన ఫిర్యాదులు దొరికాయి. చెవుల కొలతలు లేవు.

కరణం మాట తీరు పూర్వపు దస్తావేజు తీరు. "ఈ టేపునందు గొడుగుల వివరములు కలవు. నమోదు చేయుదునా?" అంటుంది. చెయ్యి నాయనా అంటే, "'చెయ్యి నాయనా' అను ఆజ్ఞ లేదు," అంటుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అయినా పదిహేడేళ్ళుగా దానితో మాట్లాడుతున్నాను, మతి పోయినప్పుడు నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు.

బావ టేపు డబ్బా విప్పి, నూలుగుడ్డతో ఉప్పు తుడిచి నాకందిస్తాడు. డబ్బాలో చెమ్మ పీల్చడానికి వేపిన బియ్యం మూట ఉంటుంది. అందులోంచి ఒక్కో గుప్పెడు నోట్లో వేసుకుంటాడు. అప్ప వంటగదిలోంచి ఆ నమిలే చప్పుడు వినేస్తుంది.

"ఒలే రత్నం, మీ బావ టేపుల బియ్యం తింతన్నాడేటి? పళ్ళూడిపోతే నాను నమిలి పెట్టను, సెప్పు."

బావ మీసాల కిందనుంచి ఏదో గొణుగుతాడు. ఆ గొణుగుడు ఎదురుగా ఉన్న నాకు తెలియదు. రెండు గదుల అవతల ఉన్న ఆవిడకి తెలిసిపోతుంది, జవాబు కూడా వచ్చేస్తుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురం వాళ్ళది. ఆ దెబ్బలాట వినకపోతే నాకు పొద్దు గడవదు.

రోజు 5. దక్షిణ గాలి.

ఇవాళ నేనొక మంచి పని చేశాను. రాసుకోవాల్సిందే.

ఊరికి ఖాళీ టేపులు కావాలి. రోజూ పుట్టినవాళ్ళ పేర్లు, అలల కొలతలు, మందుల చీటీలు, బడి పరీక్షలు అన్నీ రాయాలి కదా. కొత్త టేపులు చేసేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. పాతవి చెరిపి వాడుకోవాలి. రెండో డెక్కు ఒకటి ఉంది, అది చదవలేదు గాని చెరపగలదు. ఊరికే పడి ఉంది.

గదంతా వెతికితే లేబులు మీదే చెత్త అనో, పనికిరాదు అనో రాసి ఉన్న టేపులు నలభై ఒకటి తేలాయి. రాసినవాళ్ళే పనికిరాదన్నాక ఇంకా చదవడమెందుకు? అందుకని కరణానికి నియమం పెట్టాను. చెత్త అని లేబులుంటే చదవక్కర్లేదు, జాబితాకెక్కించక్కర్లేదు, నేరుగా చెరిపే వరసలో పెట్టు.

"నియమము స్వీకరించబడినది," అంది కరణం. మొదటిసారి నాతో ఏ పేచీ పెట్టలేదు.

చెరపడానికి టేపుకి నాలుగు గంటలు, రోజుకి రెండు. ఇటు చదువూ సాగుతుంది, అటు ఖాళీ టేపులూ వస్తాయి. బావ మెచ్చుకున్నాడు. నన్ను నేను ఇంకాస్త ఎక్కువే మెచ్చుకున్నాను.

రోజు 11. తూర్పు గాలి. అల పెద్దది.

ముప్పై మూడు అయ్యాయి. లేవు.

అప్పకి మాటలు మధ్యమధ్యలో తెగిపోతున్నాయి. నేను చారు బాగుందన్నాను. "ఎవడు పోయాడే?" అంది. అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది. తరవాత గరిటె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

రోజు 15. తూర్పు గాలి.

నలభై ఐదు. లేవు.

పొద్దున ఎవరో కొత్తమనిషి నా డెక్కు ముందు కూర్చుని టేపు తుడుస్తున్నాడు. నువ్వెవరయ్యా, అడక్కుండా లోపలికెలా వచ్చావని కేకలేశాను. తీరా చూస్తే గురువులు బావ. మీసాలు తీసేశాడు. పెళ్ళినాటి నుంచి ఉన్న మీసాలు, కొబ్బరినూనె రాసి దువ్వుకునే మీసాలు. ఆ చోట చర్మం తెల్లగా, పసిపిల్లాడిదిలా ఉంది.

"ఏటి బావా ఇది?"

"పెదాల కదలిక సూసి మాట పోల్సుకోవొచ్చంట. డాక్టరమ్మ సెప్పింది," అన్నాడు. "మీసాలుంటే దానికి కనబడదు కదా."

నేను టేపుల వైపు తిరిగి కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది ఆయన చూడకూడదని. అప్ప మాత్రం ఆ మొహం చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఓలమ్మ, ఈ గుంటడినా నాకు కట్టబెట్టినారు," అంది. ఆయన సిగ్గుపడి బయటికి పోయాడు.

రోజు 19. దక్షిణ గాలి. ఎండ.

యాభై ఏడు. లేవు.

మధ్యాహ్నం వంట ముగించుకుని అప్ప ఓడ ఓడా తిరిగింది. ఎక్కడికని అడిగితే, ఇనడానికి అంది. గొలుసులు ఒరుసుకునే చోట నిలబడింది. వలలు బాగుచేసేవాళ్ళ దగ్గర కూర్చుంది. తాలింపు వేసిన ప్రతిసారీ చెవి మూకుడు మీదకి వంచుతోంది, మొహం కాలుతుందే అంటే వినదు. ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే విని పెట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడు టేపులున్నాయి ఇంకా. ఏడింటిలో ఉండకపోదు.

రోజు 22. పొద్దున. గాలి ఎటో నేను చూడలేదు.

అరవై నాలుగో టేపు తొమ్మిదింటికి అయిపోయింది. అందులో పక్కదుప్పట్ల చాకలి పద్దు ఉంది. చెవుల కొలతలు లేవు. ఇక ఆస్పత్రి టేపులు లేవు.

అప్పకి చెప్పడానికి వంటగదికి వెళ్ళాను. బావ నా వెనకే వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఈ మధ్య ఎదురుగా నిలబడి నెమ్మదిగా అంటే గాని ఆవిడకి అందదు. లేవప్పా, అన్నీ అయిపోయాయి అన్నాను. రెండుసార్లు అనాల్సొచ్చింది.

ఆవిడ కూరగాయల కత్తి కింద పెట్టింది.

"అన్నీ అంటే ఏవి?"

"ఆస్పత్రి అని రాసున్నవి."

"అందులో ఎందుకుంటాదే?" అంది ఆశ్చర్యంగా. "ఆ టేపుల గదిలో పనిసేసింది మా అమ్మే కదా. ఆస్పత్రి మునిగిపోద్దని తెలిసినప్పుడు నా సెవులు వేరే టేపు మీదకి ఎత్తి దాసింది. మా అమ్మ నా వస్తువు దేనికైనా మంచి పేరు పెట్టిందేటి?"

నాకు అర్థం కాలేదు. అప్ప నిదానంగా చెప్పింది. ఆవిడకి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది పుట్టగానే వాళ్ళ నాయనమ్మ పిల్లని పొరుగావిడకి ఇచ్చేసి, మళ్ళీ చేటెడు తవుడు పోసి కొనుక్కుంది. తవుడుకి వచ్చిన పిల్ల కాబట్టి తవిటమ్మ. విలువ లేనిదని చావు కూడా కన్నెత్తి చూడదని. ఇదంతా నాకూ తెలుసు, మా వైపు తవిటయ్యలూ పెంటమ్మలూ ఇంటికొకరు. కాని వాళ్ళమ్మ అక్కడితో ఆగలేదట. పిల్ల పళ్ళేన్ని కుక్క పళ్ళెం అనేదట. కొత్త గౌను తొడిగి, పాత పేలిక అనేదట.

"అమ్మకి ఏది ఎంత ముద్దో, దానికి అంత సెడ్డ పేరు," అంది అప్ప.

చెత్త అని రాసున్న టేపులు గుర్తొచ్చాయి. బావ వైపు చూశాను. పొద్దున ఏడున్నరకి రెండో డెక్కులో టేపు పెట్టింది ఆయనే.

నిచ్చెన ఎలా దిగానో నాకు తెలియదు. డెక్కు తిరుగుతోంది. "ఆపు" అన్నాను. "చెరుపుట సగము పూర్తి అయినది. మధ్యలో ఆపుట సమంజసము కాదు," అంది కరణం. నేను దాన్ని ఏమన్నానో కాగితం మీద రాయను. మొత్తానికి ఆపింది. టైము తొమ్మిదిన్నర.

నలభై ఒకటిలో ముప్పై నాలుగు చెరిగిపోయాయి. ముప్పై అయిదోది సగం చెరిగి బయటికొచ్చింది. ఇంకా ఆరు అల్మరాలో ఉన్నాయి. అప్ప మెల్లగా నిచ్చెన దిగి వచ్చి ఆ సగం టేపు నా చేతిలోంచి తీసుకుంది. లేబులు మీద గుండ్రటి అక్షరాలు. చెత్త. ఎవరికీ అక్కర్లేదు. పారెయ్యండి. ఆ మూల, వేలితో అద్దిన కాటుక చుక్క. పిల్లల బుగ్గన పెడతామే, ఆ దిష్టిచుక్క.

ఆ లేబులు నేను పదిహేడేళ్ళుగా చూస్తున్నాను. సిరా మరక అనుకున్నాను. అప్పని ఒక్కమాట అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది. టేపుల సంగతి వంటమనిషిని అడగాలని నాకు తట్టనే లేదు.

అప్ప ఆ చుక్క మీద బొటనవేలు పెట్టింది.

రోజు 22. మధ్యాహ్నం.

సగం చెరిగిన టేపుని చదివే డెక్కులో పెట్టాను.

"ఈ టేపునకు మొదలు లేదు. మొదలు లేని టేపు ఖాళీ టేపు," అంది కరణం.

"రెండో సగంలో ఉంది. అక్కణ్ణుంచి చదువు."

"జాబితాలో లేని దానిని మధ్యనుండి చదువుటకు నియమము లేదు."

చదివితే గాని జాబితాకెక్కదు. జాబితాలో ఉంటే గాని చదవదు. బావ గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పూర్వం యంత్రం చదవలేనివి మనిషే చేత్తో జాబితాకెక్కించే దారి ఒకటుండేది. నేర్చుకున్నాను గాని ఎప్పుడూ వాడలేదు. చదవకుండా రాయడం మా పనిలో తప్పు. తప్పయితే అవుతుంది, ఇవాళ ఇదొక్కటే నేను చేసిన తప్పా?

టేపు పేరు: తవిటమ్మ చెవులు. ఉన్నది: రెండు చెవుల కొలతలు. మొదటి సగం చెరిగినది. రాసినది: నూకరత్నం.

"ఉన్నదని మీకెట్లు తెలియును?" అంది కరణం.

"తవిటమ్మ చెప్పింది."

"ఆధారము?"

"దిష్టిచుక్క."

"దిష్టిచుక్క ఏ తరగతి ఆధారము?"

"ఒకమ్మ తన పిల్లకి పెట్టిన గుర్తు. కంటితో చూశాను. నాది పూచీ," అన్నాను.

"కంటితో చూచిన గుర్తు, పూచీతో సహా, స్వీకరించబడినది."

డెక్కు తిరగడం మొదలెట్టింది. గంటన్నర. బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాలుగింటికి కరణం చదివింది. "కుడి చెవి. కొలతలు ఆరు వందల పన్నెండు. సంపూర్ణము." ఇంకా చదువుతుందేమోనని కూర్చున్నాం. "ఇతరములు లేవు," అంది.

ఎడమ చెవి ముందు సగంలో ఉంది. అది పోయింది.

రోజు 23. తూర్పు గాలి.

ఇది రాయకుండా ఉండొచ్చు. ముప్పై అయిదు టేపులు చదవకుండా చెరిపించిన నియమం నాది. ముప్పై నాలుగింటిలో ఇంకెవరి ముద్దు బిడ్డలున్నారో ఇక ఎవరికీ తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. చెత్త అని ఉన్నా చదవకుండా ఒక్కటీ చెరపకూడదని కరణానికి కొత్త నియమం పెట్టాను, మిగిలిన ఆరూ పక్కన పెట్టాను.

అప్పకి చెప్పడానికి వెళ్ళాను. నాకంటే ముందే బావ అక్కడున్నాడు. "డెక్కులో పెట్టింది నానే. నా సేతులతోటే పెట్టినాను," అంటున్నాడు. ఆవిడకి అందడం లేదు. నేను పలక తీసుకుని రాశాను. నియమం నాది. బావ నేను చెప్పినట్టు చేశాడు. ఎడమ చెవి నా వల్ల పోయింది.

అప్ప చదివింది. పలక మీద ఉన్నది కొంగుతో తుడిచేసి, పలక నాకిచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

రోజు 24. దక్షిణ గాలి.

డాక్టరు ఫరీదా కుడి వైపు కొత్త యంత్రం పెట్టి కొలతలు ఎక్కించింది. ఎడమ చెవి వదిలెయ్యమని అప్పే చెప్పిందట, ఉత్తి మోతతో కుడి చెవిని పాడుచేసుకోవడం ఎందుకని. కట్టు విప్పడానికి రెండు రోజులు. నేను చూడటానికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పొద్దస్తమానూ టేపులు చదివించాను. నన్ను చూసి కరణం కూడా పేచీ పెట్టలేదు.

రోజు 26. గాలి లేదు. ఎండ.

ఇవాళ కట్టు విప్పారు. వినబడుతోందని బావ ఓడ ఓడా కేకలేసుకుంటూ వచ్చాడు. ఆ గొణిగే మనిషికి అంత గొంతుందని నాకు ఇవాళే తెలిసింది. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

మధ్యాహ్నం అన్నాలకి మామూలుగా పిలిచారు. అన్నాల దగ్గర మా వరస ఎప్పుడూ ఒకటే. బావ అప్పకి కుడి పక్కన, నేను ఎడమ పక్కన. పళ్ళెం పట్టుకుని వెళ్ళి నా చోట నేను కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అటు చెవి లేదు. అప్పా అన్నాను చిన్నగా. ఆవిడ తిరగలేదు. వినబడలేదో, వినదల్చుకోలేదో నాకేం తెలుసు. క్షమించప్పా అని కూడా అన్నాను. ఎవరికీ వినబడని మాట అనడం సులువు.

అప్ప బావకి పప్పు వడ్డించబోయి ఆగింది. ఆయన పళ్ళెం ఎత్తి ఆయన చేతిలోనే పెట్టింది.

"అటెల్లి కూకో."

"నానా? ఎందుకే?"

"ముప్పై నాలుగేళ్ళు నీ మాటే ఇన్నాను. ఇంక సాల్లే." అని నా వైపు పూర్తిగా తిరిగింది. మొహం గంటు పెట్టుకునే ఉంది. "ఒలే రత్నం, ఆ వైపు కూకుని గొణిగితే నాకేటి తెలుస్తాది? ఇటొచ్చి సెప్పు."

ఆవిడే నా పళ్ళెం తీసి కుడి పక్కన పెట్టింది. వెళ్ళి కూర్చున్నాను. ఇందాక అన్న మాట మళ్ళీ అనలేదు. కూర బాగుందప్పా, ఉప్పు కొంచెం తక్కువైంది అన్నాను.

"సక్కగా ఇనబడింది," అంది అప్ప. "ఉప్పు సాలింది, నోర్మూసుకుని తిను."

ఎడమ పక్కన బావ అన్నం కలుపుకుంటూ ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడకి ఒక్క ముక్క కూడా అందడం లేదని ఆయనకి తెలుసు.